అమ్మవారి పటం ముందు రెండు ఒట్లు

పోయిన ఎన్నికల్లో మీ ఇంటి ఆడవాళ్ళ ఓటు ఎవరు వేశారు? వరసలో ఎవరు నిలబడ్డారని అడగడం లేదు. వేలికి సిరా ఎవరికి అంటిందనీ అడగడం లేదు. ఏ మీట నొక్కాలో ఎవరు తేల్చారని అడుగుతున్నాను. జవాబు మీరు చెప్పకండి. లోపల వంట చేస్తున్నావిడను అడగండి. అడిగి, ఆవిడ ఆలోచించుకునేదాకా మీరు అక్కణ్ణించి తప్పుకోండి. మీరు ఎదురుగా ఉంటే ఆవిడ మీ జవాబే చెబుతుంది.

ఈ ప్రశ్న వేసుకుని నేను కొన్నేళ్ళుగా భిలాయిలో ఇల్లిల్లూ తిరుగుతున్నాను. మేం అరడజను మంది ఆడవాళ్ళం. మా బృందానికి జెండా లేదు, బోర్డు లేదు, పేరు కూడా పెట్టుకోలేదు. ఆడవాళ్ళ పేర్లు ఓటర్ల జాబితాలో ఉన్నాయో లేదో చూసుకోమంటాం. మిషన్ ఎలా పనిచేస్తుందో చూపిస్తాం. నిలబడ్డ అభ్యర్థులందరినీ ఒకచోటికి పిలిచి ప్రశ్నలు అడిగిస్తాం. ఎవరికి వేయాలో మాత్రం చెప్పం. ఈ ఆఖరి మాట ఎవరూ నమ్మరు.

"ఆప్ లోగ్ కిస్ పార్టీ సే హో, దీదీ?" అంటారు.

ఏ పార్టీ కాదంటాను.

"అచ్ఛా. తో కౌన్ భేజా?"

మమ్మల్ని ఎవరో పంపించి ఉండాలి. తమంతట తాము వచ్చిన ఆడవాళ్ళంటూ ఉండరని వాళ్ళకు గట్టి నమ్మకం. తెలుగు ఇళ్ళలో ఇదే మాట ఇంకాస్త మర్యాదగా, టీ ఇచ్చాక అడుగుతారు.

నేను పెరిగిన ఇల్లు వేరు. మా నాన్న రైల్వేలో పనిచేసేవారు. అమ్మ చర్చికి వెళ్ళేది, నాయనమ్మ గుడికి వెళ్ళేది, ఆయన రెండింటి బయటా నిలబడి ఇద్దరినీ రిక్షా ఎక్కించి తెచ్చేవారు. అన్నాల దగ్గర ఎవరు ఏ మాటన్నా "ఎందుచేత?" అని అడిగే హక్కు పిల్లలకు ఉండేది. ఆదివారాలు తెలుగువాళ్ళ సంఘం హాల్లో వాదోపవాదాలు పెట్టేవారు. ముహూర్తాలు కావాలా వద్దా, ఆడవాళ్ళు కొరివి పెట్టవచ్చా అన్న విషయాల మీద పెద్దవాళ్ళతో కలబడి మాట్లాడడం అక్కడే నేర్చుకున్నాను. ఎదుటివాడి వాదంలో బలమైన ముక్క ఏదో ముందు నువ్వే చెప్పు, తర్వాత దాన్ని విరగ్గొట్టు అని నేర్పారు. విరగ్గొట్టలేని రోజు వస్తుందని మాత్రం చెప్పలేదు.

మా పనికి అడ్డం వచ్చేది పార్టీలు కాదు, ఉక్కు ఫ్యాక్టరీ షిఫ్టులు. ఫస్ట్ షిఫ్ట్‌కి వెళ్ళిన మనిషి మధ్యాహ్నానికి ఇల్లు చేరతాడు. అన్నం పెట్టాలి, ఆయన పడుకుంటే పిల్లలను అరవకుండా చూడాలి. కాబట్టి ఆ ఇంటావిడ మధ్యాహ్నం మీటింగుకి రాదు. సెకండ్ షిఫ్ట్ ఇళ్ళవాళ్ళు వస్తారు. వచ్చే వారం షిఫ్టులు మారతాయి, వచ్చేవాళ్ళూ మారతారు. పోయిన వారం చెప్పింది మళ్ళీ మొదటినుంచి చెప్పాలి. ఆ మొదటివాళ్ళు తిరిగి వచ్చేసరికి అంతా మరిచిపోయి ఉంటారు. సెక్టర్ 7లో ఒక వరండాలో చాపలు పరిచి నేను ఇదే పాఠం ఎన్నిసార్లు చెప్పానో, గోడమీది బల్లికి కూడా వచ్చేసి ఉంటుంది.

షిఫ్టులతో సంబంధం లేకుండా ప్రతివారం వచ్చేది ఒక్క వదిన. వరసకు ఏమీ కాదు, పాత పొరుగు. వాళ్ళాయన ఫ్యాక్టరీలో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్స్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఇప్పుడు రుఆబాంధాలో కొడుకు క్వార్టర్‌లో ఉంటున్నారు. వదినది విజయనగరం దగ్గర పల్లె. పెళ్ళై ఈ ఊరు వచ్చిన నాటినుంచి ఓటు వేస్తూనే ఉంది, అంటే ఆయన చెప్పిన గుర్తు మీద నొక్కుతూనే ఉంది.

మొదటి మీటింగులోనే ఆవిడ మిగతావాళ్ళను నవ్వించింది, నన్ను ఏడిపించింది. మిషన్ ఎలా నొక్కాలో చూపించడానికి అట్టపెట్టెతో ఒక నమూనా చేసుకున్నాం. గుర్తులు ఏం పెట్టాలన్నది పెద్ద తలనొప్పి. పువ్వు పెడితే ఒకరిది, చెయ్యి పెడితే ఇంకొకరిది. చివరికి కూరగాయలు పెట్టాం. వంకాయ, బెండకాయ, ఆనపకాయ. వదిన వంతు వచ్చింది. లేచి, పెట్టె దగ్గరికి వెళ్ళి, కొంగు ముడిలోంచి ఫోను తీసింది.

"ఏటండీ, వంకాయ నొక్కమంతారా, బెండకాయ నొక్కమంతారా?"

ఆయన మాట గది మొత్తానికి వినపడింది. "ఏదోటి నొక్కీసి బేగి రా. టీ పెట్టాల."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. వంకాయ విషయంలో కూడా మొగుడి అనుమతి కావాలా అని గట్టిగానే అన్నాను. వదిన నొచ్చుకోలేదు. "ఇంట్లో వంకాయ కొనీది ఆయినే కదేటి, టీచరమ్మా" అంది. నేను బడిలో పాఠాలు చెప్పినదాన్ని, అందుకని నాకు ఆ పేరు.

అటువంటి మనిషి ఈ వార్డు ఎన్నికల నాటికి మారింది. మారిందని నేను అనడం కాదు, చూశాను. అభ్యర్థులను పిలిచి కూర్చోబెట్టిన రోజున అందరికన్నా ముందు లేచింది వదినే. బజారునుంచి క్వార్టర్ల వెనక దారిలో దీపాలు లేవు. ఆ చీకట్లో ఒక సాయంత్రం కోడలు గోతిలో కాలు మడతపడి కూలబడింది, అప్పటికి అది కడుపుతో ఉంది. వదిన తన తెలుగు హిందీలో ఆ సంగతి చెప్పి, దీపాలు ఎప్పుడు వేయిస్తారో ఒక్కొక్కరూ చెప్పండి అని అడిగింది. ఒకరు సూటిగా బదులిచ్చారు. ఒకరు తమకు తెలియదని ఒప్పుకున్నారు. ఒకాయన మాత్రం నవ్వి, "చీకటి పడ్డాక బయటికెందుకమ్మా" అన్నాడు.

మర్నాడు వదిన నా దగ్గరికి వచ్చింది. "నానొకలిని అనుకున్నాను" అంది.

"ఎవరిని?"

"సెప్పను. సెప్పకూడదని నువ్వే కదా సెప్పినావు."

"అన్నయ్యకు చెప్పావా?"

"ఆయిన అడిగినారు. ఉల్లిపాయలు కోస్తన్నాను, తరవాత సెప్తానన్నాను. ఇంకా కోస్తనే ఉన్నాను."

ఆ రోజు నాకు కలిగిన ఆనందం చాలా ఏళ్ళుగా ఎరగను. వదిన మొట్టమొదటిసారి తన ఓటు తాను వేయబోతోంది. మా కష్టానికి వేరే ఫలం ఏమీ లేకపోయినా ఈ ఒక్కటి చాలనుకున్నాను.

దాన్ని చెడగొట్టింది ఎవరో బయటివాళ్ళైతే ఇంత రాయను.

మా బృందంలో అందరికన్నా పెద్దావిడ ఒక రిటైరైన నర్సు. ఊళ్ళో సగంమంది పిల్లలకు మొదటి స్నానం ఆవిడ చేతులమీదే జరిగింది. అందరూ సిస్టరమ్మ అంటారు. వారంవారం కొట్టుకుపోయే పాఠం చూసి విసిగి, ఒక ఉపాయం తెచ్చింది. వచ్చినవాళ్ళచేత ఒక మాట పలికిద్దాం అంది. ఎవరి మాటా కాదు, ఏ కానుకా కాదు, నాకు తోచినవాళ్ళకే నా ఓటు అని. ఇంతవరకు నాకూ బాగుంది. కానీ ఉత్తి మాట నిలవదని, అమ్మవారి పటం మీద చెయ్యివేసి అనిపిద్దామంది.

నేను లేచి నిలబడ్డాను. సొంత బుద్ధితో ఓటు వేయమని చెప్పడానికి ఆ బుద్ధినే పక్కన పెట్టించడం ఏమిటన్నాను. భయంతో నిలబెట్టిన మాట ఇంకో పెద్ద భయం ముందు నిలవదన్నాను.

సిస్టరమ్మ శాంతంగా వింది. "చేదు మందు పిల్లలకి ఎలాగ పట్టీవాళ్ళం? తేనెలో కలిపి. మందు లోపలికెళ్ళిందా లేదా, అదే చూసుకోవాలమ్మా."

"రేపు ఇంకొకరు తేనెలో ఇంకేదో కలిపి తెస్తే? నోరు తెరవడం నేర్పింది మనమే అవుతుంది కదా."

"నీకు అన్నిట్లోనూ వాదనే. పెళ్ళిచూపుల్లో కూడా ఇలాగే మాటాడేవేటి?"

అందరూ నవ్వారు, ఆ నవ్వులో నా వాదం మునిగిపోయింది. చేతులెత్తి తేల్చుకున్నాం. నా చెయ్యి ఒక్కటే కిందుంది. ఓటు గురించి ఊరికి చెప్పేవాళ్ళం, మేం వేసిన ఓటుకు కట్టుబడక తప్పదని నోరు మూసుకున్నాను.

తర్వాతి వారం సిస్టరమ్మ తన పూజగదిలోని పటం పట్టుకొచ్చింది. విజయనగరం నుంచి తెచ్చుకున్న అమ్మవారి పటం, చుట్టూ చిన్న బల్బుల దండ. ఆడవాళ్ళు కొంగు భుజాలమీదికి లాక్కుని, చెప్పులు విప్పి, ఒక్కొక్కరే వచ్చి చెయ్యి ఆనించి ఆ మాట అన్నారు. కొందరు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. మా మీటింగులో అంత నిశ్శబ్దం అంతకుముందు లేదు. సిస్టరమ్మ నావైపు చూసింది, చూశావా అన్నట్టు. వదిన కూడా చెయ్యి వేసింది. ఇంటి దగ్గర దానికోసం తలంటు పోసుకుని మరీ వచ్చింది.

ఊళ్ళో ఈ వార్త పాకడానికి ఎంతసేపు? నాలుగు రోజుల్లో దీపాల గురించి నవ్విన ఆ అభ్యర్థి భార్య పసుపు కుంకుమ పళ్ళెం, జాకెట్టు ముక్కలు పట్టుకుని తెలుగు ఇళ్ళకు బయలుదేరింది. ఆవిడ తెలుగావిడ కాదు, కానీ మా ఇళ్ళ సంగతి ఎవరో బాగా చెప్పి పంపారు. పసుపు కుంకుమతో గుమ్మంలోకి వచ్చిన ముత్తయిదువను ఏ ఇల్లాలూ వెనక్కి పంపదు. బొట్టు పెట్టి, ముక్క చేతిలో పెట్టి, ఆవిడ అడిగింది ఒక్కటే. మీ మీటింగులో దేవీమా మీద కసమ్ తీసుకున్నారట కదా, నాకూ అలాగే ఒకటి ఇవ్వండి. మా ఓటు మీకే, ఇంకొకరికి వేయం అనండి.

తేనెసీసా మూత మేమే తీసిపెట్టాం. ఆవిడ చేసింది తనకు కావలసింది అందులో కలపడమే.

వదిన నాకీ సంగతి చెప్పింది పోలింగ్ రోజున. అంతవరకు దాచింది. మధ్యాహ్నమైనా వరసలో కనబడలేదని నేను రుఆబాంధా వెళ్ళాను. అన్నయ్య గుమ్మంలో కుర్చీ వేసుకుని సిరా వేలు చూపించాడు.

"నాను ఏసీసి వొచ్చినాను. మీ వదినే రానంతంది. ఇద్దరిదీ నానే నొక్కీదును, ఇప్పుడు మిషన్లు ఒప్పుకోవు కదా."

లోపల వదిన బియ్యం ఏరుతోంది. అవి శుభ్రంగానే ఉన్నాయి. పక్కన మంచం మీద నెలలు నిండిన కోడలు పడుకుని ఉంది.

"ఏమైంది వదినా? లే, నేను తీసుకెళ్తాను."

"ఎళ్ళకూడదు టీచరమ్మా" అని, పళ్ళెంతో వచ్చినావిడకు తానూ ఒట్టు వేసిన సంగతి చెప్పింది. "నానేటి సెయ్యను? పసుపు అట్టుకొచ్చి గుమ్మంలో నిలబడ్డాది. ఒద్దంతానా?"

"అది బలవంతపు ఒట్టు. దానికి విలువ లేదు. లోపల ఏం నొక్కావో ఎవరికీ తెలియదు."

"అమ్మోరికి తెలీదేటి?"

నేను నా వాదాలన్నీ ఒకటొకటిగా ముందు పెట్టాను. ఆవిడ అన్నీ విని, అప్పటికే తాను తేల్చుకున్న లెక్క చెప్పింది. దీపాల గురించి నవ్వినాయనకు వేస్తే మా దగ్గర వేసిన ఒట్టు తప్పుతుంది, ఎందుకంటే తనకు తోచింది ఆయన కాదు. తోచినవాళ్ళకు వేస్తే ఆవిడకు వేసిన ఒట్టు తప్పుతుంది. ఎవరూ వద్దనే ఆఖరి మీట నొక్కితే రెండూ తప్పుతాయి.

"ఎళ్ళకపోతే ఏదీ తప్పదు. నా ఓటే లేదు. లేని ఓటు ఎవలికీ ఎళ్ళలేదు."

ఇందులో తప్పు ఎక్కడుందో చూపించమని నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. ఒట్టు తప్పితే కీడు జరుగుతుందన్న ఒక్క మాట తీసేస్తే మొత్తం కూలిపోతుంది. కానీ ఆ మాట తీయడానికి నాకు అధికారం ఎక్కడిది? దాన్ని ఆ వరండాలో బల్బుల దండ వేసి నిలబెట్టింది మా బృందం. అదే అన్నది వదిన కూడా.

"ఒట్టు గట్టిగా ఉండాలనే కదా అమ్మోరి మీద ఏయించినారు. ఇప్పుడు ఉత్తిదేనంతే ఎలాగ? నీకు నమ్మకం లేదు, నీకు ఒట్టంటే మాటే. నాకు ఉంది. దీని కడుపులో బిడ్డ ఉన్నాడు. వాడిమీద పందెం కాయమంతావేటి?"

కోడలు కళ్ళు తెరిచి మా ఇద్దరినీ చూసింది. "అత్తమ్మా, జానా హై తో జావో న. ముఝే కుఛ్ నహీ హోగా" అంది. తనకేమీ కాదు, వెళ్ళాలనుంటే వెళ్ళమని. అది ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. వదిన దాని నుదుటిమీద చెయ్యి వేసి, పడుకోమంది.

నేను బయటికి వచ్చి సిస్టరమ్మకు ఫోను చేశాను. ఆవిడ ఆటోలో పటంతో సహా వచ్చింది. వచ్చినందుకు గౌరవిస్తాను. "ఒట్టు వేయించుకున్నవాళ్ళు తీసేస్తే పోతాది. మనది మనం తీసేద్దాం" అని మెట్లెక్కబోయింది.

నేను చెయ్యి పట్టుకుని ఆపాను. మనది తీసేస్తే మిగిలేది ఏమిటి? ఆ అభ్యర్థికి వేసిన ఒట్టు ఒక్కటే. అప్పుడు వదిన నిక్షేపంగా వెళ్ళి తనకు తోచని మనిషికి ఓటు వేసి వస్తుంది. ఆ ఒట్టు తీయమని అభ్యర్థి భార్యను బతిమాలాలా? ఏ పార్టీ వాళ్ళమూ కామని తిరిగే మేము, పోలింగ్ రోజున ఒక అభ్యర్థి ఇంటికి వెళ్ళి ఓటు వదులుకోమని అడగాలా? సిస్టరమ్మ మెట్టుమీద కూర్చుండిపోయింది. పటం ఒళ్ళో పెట్టుకుంది. నేనన్నది నిజమైనందుకు నాకు సంతోషం కలగలేదు. అన్నయ్య లోపలికి వెళ్ళి మాకు టీ ఆయనే పెట్టి తెచ్చాడు. "ఆవిడ ఇప్పుడు కదిలీలాగ లేదు" అన్నాడు.

ఆ వీధిలో ఇలా ఇంట్లో ఉండిపోయింది వదిన ఒక్కతే కాదు. సాయంత్రం తిరిగి చూస్తే, అమ్మవారి పటం మీద చెయ్యివేసిన ఇళ్ళలో చాలామంది ఇదే లెక్క వేసుకుని కూర్చున్నారు. ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండానే అందరూ ఒకచోటికే వచ్చారు. మమ్మల్ని గుమ్మంలోకి కూడా రానివ్వని ఇళ్ళ ఆడవాళ్ళు మొగుళ్ళ వెనక నడిచి వెళ్ళి ఓటు వేసి వచ్చారు. అది వాళ్ళ ఓటు కాదు, నిజమే. కానీ మేం చదువు చెప్పినవాళ్ళకు అదీ లేకుండా పోయింది.

ఎవరు గెలిచారో రాయను. మేం ఎవరి తరఫూ కాదు.

ఫలితాలు వచ్చాక మళ్ళీ చాపలు పరుచుకుని కూర్చున్నాం. ఇకమీదట ఏ ఒట్టూ వేయించవద్దు, ఎవరు అడిగినా వేయవద్దని మాత్రమే చెబుదాం అన్నాను. సిస్టరమ్మ నా పక్షం వచ్చింది. మిగిలినవాళ్ళు తలలు ఊపారు. నాకు ఆశ కలిగింది. అంతలో ఒకావిడ, చాలా మంచి మనిషి, నిదానంగా అంది. "తప్పు ఒట్టులో లేదండీ, మాటల్లో ఉంది. తప్పకుండా వెళ్ళి వేస్తాను అన్న ముక్క మనం అందులో కలపలేదు. వచ్చేసారి కలుపుదాం."

చేతులెత్తారు. నాదీ సిస్టరమ్మదీ తప్ప అన్నీ లేచాయి.

వదిన ఇప్పుడూ ప్రతివారం వస్తుంది, ముందువరసలో కూర్చుంటుంది. మనవడు పుట్టాడు, ఆరోగ్యంగా ఉన్నాడు. ఒట్టు నిలబెట్టుకోబట్టే అంటుంది. ఆ పిల్లవాడిని ఒళ్ళో పెట్టుకుని నేను ఆ మాటకు ఎలా ఎదురుచెప్పను? చెప్పాను. చెప్పినా ఆవిడ నవ్వి, వాడి గుప్పిట్లోంచి నా కళ్ళజోడు విడిపించింది. ఆవిడకు ఒక ఓటు ఉండేది, దాన్ని తన బుద్ధితో సంపాదించుకుంది. అందరం కలిసి దాన్ని ఆవిడ చేతిలోంచి తీసేశాం. అది తిరిగి రాదు. వచ్చే ఎన్నికలకు వేరే ఓటు వస్తుంది, దానికోసం వేరే ఒట్లు కాచుకుని ఉంటాయి.

చదువుతున్న అమ్మా, మీ గుమ్మంలోకి ఎవరైనా పళ్ళెం పట్టుకుని వస్తే బొట్టు పెట్టించుకోండి, మంచినీళ్ళు ఇవ్వండి. ఒట్టు అడిగితే చెయ్యి వెనక్కి తీసుకోండి. అడిగినవాళ్ళు మా బృందంవాళ్ళే అయినా సరే తీసుకోండి. చదువుతున్న అయ్యా, మీ ఇంటావిడ ఇప్పటికే ఎవరికైనా మాట ఇచ్చి భయపడుతోందేమో ఈ రోజే అడగండి. భయపడుతుంటే, కీడేదైనా వస్తే అది నా నెత్తిన పడనీ, నువ్వు నీకు తోచినట్టు వెయ్యి అని పైకి, ఇంట్లో అందరూ వినేలా చెప్పండి. ఆ తర్వాత ఆవిడ ఎవరికి వేసిందో జన్మలో అడగకండి.